పదకొండున్నర చుట్లు

కుటాయిసిలో జనవరి.
బడి వ్యాయామశాలలో హీటరు పనిచేయదు.
నేల మీద పాత రంగు గీతలు
ఏ ఆట కోసం వేశారో ఎవరికీ గుర్తులేదు.
వాటి పక్కనే సుద్దముక్కతో
అర మీటరుకొక గీత గీశాను.

ఎలిసో కారు చెప్పుల అట్టపెట్టెలో వచ్చింది.
చేపల డబ్బా ఒళ్లు, సీసామూతల చక్రాలు,
సైకిలు ట్యూబు కోసి తొడిగిన టైర్లు,
కడుపులో నాయనమ్మ అలారం గడియారం స్ప్రింగు.
రొట్టెల కార్ఖానా తొలి షిఫ్టుకి
నలభై ఏళ్లు ఆమెను లేపింది అదే.

"ఎన్ని చుట్లు?"
"పదకొండున్నర. పన్నెండైతే తెగుతుంది టీచర్."
ఎలా తెలుసని అడగలేదు.
తెగిన స్ప్రింగు ముక్క ఒకటి
ఆమె జేబు గుడ్డను పొడుచుకుని
బయటకి తొంగిచూస్తోంది.

కీ ఇస్తోంది.
మొదటి చుట్లకు రెండు వేళ్లు చాలాయి.
ఆరు దాటాక మణికట్టు సణిగింది.
తొమ్మిదికి భుజం కదిలింది.
పదకొండుకి పళ్లు బిగిశాయి.
పొద్దున తిన్న మొక్కజొన్న రొట్టె
ఉక్కు రేకులో చుట్టుకుని చుట్టుకుని
ముడుచుకు కూర్చుంది.
శక్తి అంటే ఇదీ, అని చెప్పబోయి ఊరుకున్నాను.
వేళ్లకు ముందే తెలిసిపోయినదాన్ని
నోటితో చెప్పడం దండగ.

వదిలింది.
గిర్రున చక్రాలు, ఉన్నచోటే కారు!
కాస్త రబ్బరు కంపు, ఒక్క గింజులాట,
ఎడమకు తిరిగి బెంచీ కాలికి మూతి కొట్టుకుంది.
"ఆరంభశూరత్వం!" అన్నారెవరో వెనక వరసలో.
నేల పట్టు ఇవ్వకపోతే
ఎంతటి బలమైనా
తన చుట్టూ తాను తిరగడమే.

తలుపు దగ్గర ఇపోలితే తాత,
మనవరాలిని తీసుకెళ్లడానికి ముందే వచ్చినవాడు,
లారీల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇరుసులు బిగించినవాడు.
ఆ ఫ్యాక్టరీ గురించి మాట్లాడడు.
తాళాలగుత్తిలోంచి బొటనవేలంత నట్టు ఒకటి ఊడదీసి
"వెనక ఇరుసు మీద కట్టు" అన్నాడు.
"బరువైతే నెమ్మదిస్తుందిగా తాతా?"
"నెమ్మదిస్తుంది. కదులుతుంది కూడా."

మళ్లీ పదకొండున్నర.
ఈసారి జారలేదు.
బద్ధకంగా, మూలుగుతూ, తొలి గీత దాటడానికి
ఒకటింబావు సెకను. రెండో దానికి అందులో సగం.
మూడు, నాలుగు... అయిదో ఆరో గీతల నడుమ
కళ్లు వెనకబడ్డాయి, కారు ముందుంది.

ఎలిసో ఫోనులో వీడియో ముందుకీ వెనక్కీ జరిపి
కనుబొమలు ముడిచింది.
"స్ప్రింగు గట్టిగా లాగేది మొదట్లో కదా?
అది నీరసించాక ఇంత వేగమేమిటి?"

పంతొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్న ప్రశ్న.
తడబడ్డాను.
లాగే చెయ్యి సన్నగిల్లుతోంది, నిజమే.
కానీ రుద్దే నేల కన్నా
వీసమెత్తు ఎక్కువ లాగినంతసేపూ
పరుగు పెరుగుతూనే ఉంటుంది.
ఆ రెండూ సరితూగిన చోట,
ఎవరిదీ పైచేయి కాని చోట,
అదుగో, అక్కడ అన్నిటికన్నా వేగం.
ఆ తరువాత స్ప్రింగు చేసేదేమీ లేదు.
అంతదాకా పోగుచేసుకున్నదాన్ని కారు
గీత గీతకీ కొంచెం కొంచెం చెల్లించుకుంటూ పోతుంది.

పదిహేనో గీతకు ఇవతల
వెంట్రుకవాసి వెనక్కి ఊగి, ఆగింది.
మొత్తం పది సెకన్లు.

"అదంతా ఎటు పోయింది టీచర్?"
ఇరుసులోకి, నేలలోకి, ఆ కిర్రుమన్న చప్పుడులోకి.
అన్నీ చివరికి వేడే.
"అయితే ఈ గది కాస్త వెచ్చబడిందన్నమాట!"
అంది, నోటి నుంచి ఆవిరి వస్తుండగా.
తాత నవ్వాడు. అతని నవ్వు నేను వినడం అదే మొదలు.

నట్టు ఆయన జేబులోకి పోయింది.
కారు అట్టపెట్టెలోకి.
గేటు దగ్గర ఎలిసో చేతితొడుగు వేసుకోబోయి ఆగి,
బొటనవేలు నాకు చూపించింది.
కీ అంచు దిగిన ఎర్రటి గుంట
ఇంకా అలాగే ఉంది.