లివ్‌లాంగ్ చీటీ

స్టెయిత్స్ రేవులో, చేపల వాసన ఎక్కిన అద్దె గదిలో
నిఘంటువు పనిలో ఎల్ అక్షరం నా వంతు.
అట్టపెట్టె నిండా చీటీలు.
చీటీకో మాట, పది చీటీలకో పెన్నీ.

‘లివ్‌లాంగ్’ చేతికొచ్చేసరికి
లాంతరులో నూనె అడుగంటింది.
విశేషణం, అని రాశాను.
సుదీర్ఘమైన, మొదలంటా తుదంటా, అని రాశాను.
పగటికీ రాత్రికీ తప్ప పెద్దగా దేనికీ అతకదని
కింద చిన్న అక్షరాల్లో.
లివ్‌లాంగ్ ప్రసంగం అనకూడదు,
మా పాదరీగారిది ఎంత సాగినా సరే.
లివ్‌లాంగ్ బాకీ అని కూడా అనరు.
అంటే ఉదాహరణకి నా పేరే రాసుకుందును.

వాడుక అన్న చోట గీత ఖాళీ.
లీడ్స్ నుంచి క్రాస్లాండ్ దొర ఉత్తరం:
“కవులు తప్ప ఎవరూ అనడం లేదు.
చచ్చిన మాటగా గుర్తు పెట్టండి.”
చచ్చిన మాట పక్కన మేం చిన్న కత్తి బొమ్మ గీస్తాం.

పిడి గీసి, మొన దించబోతుంటే తలుపు చప్పుడు.
పక్కింటి డోర్కస్ వెరిల్,
అప్పు తీసుకున్న పంచదార గిన్నెతో.
మొగుడు సముద్రంలో పడి తేలాడు,
ఊపిరి మాత్రం ఇంకా ఒడ్డుకు చేరలేదు,
ఇవాళ్టికి పదకొండో రోజు.

“ఎలా ఉన్నాడు?”
“లివ్‌లాంగ్ రాత్రంతా కూర్చున్నానమ్మా,
దగ్గుకీ దగ్గుకీ మధ్య వలకి ముడులేస్తూ.
తెల్లారి చూస్తే సగం తప్పు ముడులే.”
నవ్వింది. గిన్నె బల్ల మీద పెట్టింది.
గిన్నె నిండా కాదు, అంచుకి రెండు వేళ్ళు తక్కువ.

కత్తి సగంలో ఆగింది.

ఆమె వెళ్ళాక పాత పుస్తకాలు దించాను.
ఈ మాటలో ‘లివ్’ అంటే బతకడం కాదట.
వినేవాళ్ళు అలా విని, అలాగే పలికి,
అలాగే ఖాయం చేశారు. తప్పు ముడి.
అసలుది ‘లీఫ్’. ప్రియం.
ఎవరో ఎప్పుడో
ఎంతకీ తెల్లారని రాత్రిని తిట్టబోయి
నా తల్లే అని పిలిచినట్టు.
ఆ ప్రియం ఊరికే నొక్కి చెప్పడానికే
అంటాడు క్రాస్లాండ్.
అయుండొచ్చు. ఆయన పదకొండు రాత్రులు
ఎవరి పక్కనా కూర్చున్నట్టు లేదు.

రోజూ నా దీపం ఆర్పేముందు
వాళ్ళ కిటికీ చూసేదాన్ని. వెలుగుతూ ఉండేది.
పద్నాలుగో రాత్రి
నాకంటే ముందే ఆరిపోయింది.

పొద్దున్నే గుమ్మంలో డోర్కస్,
చేతుల్లో ఏమీ లేదు.
“నిన్న రాత్రి చాలా పొట్టిదైపోయిందమ్మా,” అంది.
ఎంతసేపూ ఆ ఒక్క మాటే.

ఆ సాయంత్రం ఖాళీ గీత మీద రాశాను:
లివ్‌లాంగ్ రాత్రంతా కూర్చున్నాను.
చెప్పినవారు డి. వెరిల్, వలలు బాగుచేసే మనిషి.
తేదీ వేశాను.
కత్తిని చెరపబోతే కాగితం చిరిగింది.
చిరుగుతోనే పంపాను.

నెలాఖరుకి కూలి వచ్చింది,
ఒక చీటీ తగ్గించి.