నాలుగింటి ఉరుము

టెక్కలి దాటి మా ఊరి మలుపు తిరిగితే
కొండ సగమే కనిపిస్తుంది.
మిగతా సగం లారీలెక్కి పోయింది,
ఎవరి ఇళ్లలోనో నున్నగా పరుచుకోడానికి.

రోజూ సాయంత్రం నాలుగింటికి
క్వారీలో మందు పేలుస్తారు.
గోలెంలో నీళ్లు ఒక్కసారి వణుకుతాయి.
ఆ వెంటనే మా పెరటి పనసచెట్టు మీంచి
మగనెమలి అరుస్తుంది,
ఉరుమనుకుని.

రోహిణి కార్తె పొడుగునా ఇదే వరస.
పొద్దుటే గోలెం అంచుమీదికి ఎగిరి
ముక్కు ముంచుతుంది, తలెత్తి గుటక వేస్తుంది,
మళ్లీ ముంచుతుంది.
ఎండెక్కితే స్నానాలగది వెనక తడిమట్టిని గోకి
నోరు తెరుచుకుని కూలబడుతుంది.
నాలుగింటికి మాత్రం లేస్తుంది.
అరిచి, పించం విప్పి,
ఆరబోసిన జీడిపిక్కల చుట్టూ తిరుగుతుంది.
చూడ్డానికి ఒక్క పెట్టయినా ఉండదు.

"ఒలమ్మా, దీనికి మతి పోనాదేటి,
బాంబుకీ మబ్బుకీ తేడా తెల్దు"
గోడవతల దాలమ్మ.

నేను నవ్వను.
తాసిల్దారాఫీసు వెనక వానకొలత గరాటు నా ఉద్యోగం.
పొద్దున్న ఎనిమిదిన్నరకి మూత తియ్యాలి,
గాజుగొట్టంలోకి ఒంపాలి, రిజిస్టర్లో ఎక్కించాలి.
ఆ నెలంతా ఏమీ ఒంపకుండానే ఎక్కించాను.
సున్నాలు చుట్టడంలో నాకు మంచి చెయ్యి కుదిరింది.

ఆరుద్రలో పడింది వాన.
పెట్టలు మూడు దిగాయి జీడితోటలోంచి.
అది ఈకలన్నీ గలగలలాడించి చూపిస్తుంటే
అవి చీమల వెంట పడ్డాయి,
చూసీ చూడనట్టు.
అయినా ఏదో చూసే ఉంటాయి:
నెల తిరిగేసరికి గోగుచేను గట్టున
ఎండుటాకుల్లో నాలుగు గుడ్లు.

నాలుగు పిల్లలు మూడయ్యాయి
ఒక రాత్రి తొంభై నాలుగు మిల్లీమీటర్లకి.
అంకె రాశాను.
పిల్లకి ఆ రిజిస్టర్లో గడి లేదు.

భాద్రపదానికి ఈకలు రాలడం మొదలు.
రోజుకి నాలుగు, ఐదు,
పెంటమీద, పాదులో, బట్టల తీగ కింద.
దాలమ్మ వాటిని కట్టకట్టి
ఎండబెట్టిన సావళ్ల మీద ఈగలు తోలుకుంది.
తోక బోడైన మగది ఆ రోజుల్లో
చిక్కుడు పందిరి కిందనుంచి బయటికి రాలేదు.
నిజం ఉరుములు ఎన్నో ఉరిమాయి అప్పుడు.
ఒక్కదానికీ పలకలేదు.
క్వారీ గోతిలో నీళ్లు నిండి
నాలుగింటిది కూడా మానేసింది.

పుష్యమాసం మంచులో
తొమ్మిదైనా చెట్టు దిగేవి కావు.
కొమ్మల్లో ముడుచుకున్న నాలుగు మూటలు.
ఎండ తగిలాక ఒకటొకటీ బరువుగా దూకి
మా వంటింటి రేకు మీద, రెక్కలు జార్చి,
ఆరుతూ కూర్చునేవి.
అప్పుడు వాటిలో ఏది మగదో
నాకూ తెలిసేది కాదు.

మళ్లీ ఈకలొచ్చాయి. మళ్లీ ఎండలొచ్చాయి.
గోతిలో నీళ్లు తోడేశారు.
నాలుగింటికి గోలెం వణికింది.
అది అరిచింది.
మర్నాడు అరిచింది. వారం రోజులు అరిచింది.
తర్వాత ఒకరోజు మెడ మాత్రం తిప్పింది.
ఆ తర్వాత అదీ లేదు,
మట్టిలో పడుకునే ఈకలు దువ్వుకుంది.

నేర్చుకుందిలే అనుకున్నాను.

మృగశిర ఇంకా రెండు రోజులుందనగా
నాలుగూ పదికి
మహేంద్రగిరి వైపునుంచి వచ్చింది ఒక ఉరుము,
పొడుగ్గా, ఎక్కడా తెగకుండా.
గోలెంలో నీళ్లు కదల్లేదు.
ఆకులు మాత్రం వెల్లవేసుకున్నట్టు తిరగబడ్డాయి.

నెమలి దువ్వుకుంటూనే ఉంది.

రెండో ఉరుము.
నేను పెరటి గుమ్మంలో నిలబడి
పిల్లాడి పరీక్ష ఫలితం చూస్తున్నట్టు దాన్నే చూస్తున్నాను.
దాలమ్మ జీడిపిక్కలు ఎత్తడం ఆపి
గోడమీదినుంచి వంగింది.
"ఒరే, అది ఆలది కాదురా,
ఇది మనదేరా, పలుకు!"

అది ఆమెను చూసింది. కొండను చూసింది.
మొదటి చినుకు దాని వీపుమీద పడి
నీలంలో ఎటు జారాలో తెలీక కాసేపు ఆగింది.

పొద్దున్న గాజుగొట్టంలో మూడున్నర.
రాయబోతే, అలవాటుగా,
కలం ముందు గుండ్రంగా తిరిగింది.