నలభై మూడో పేరా

కార్పొరేషన్ ఆఫీసు మేడ మీద
ఆడిట్‌కిచ్చిన గదికి ఒకటే కిటికీ.
తెరిస్తే కొండ, మూస్తే బూజు.
మూసుకునే కూర్చున్నాను పదహారు రోజులు
వోచర్లు ఎగిరిపోతాయని.

రాష్ట్రం పంపితే వచ్చినవాణ్ణి.
జేబులో పచ్చ సిరా పెన్ను,
ఎర్ర గుడ్డ మూటల్లో నా ముందు
తిరుపతి మూడేళ్ళ జమాఖర్చు.

ఏకాంబరం, అకౌంట్స్ సూపరింటెండెంటు.
వచ్చే జూన్‌కి రిటైరు.
అడిగే ఫైలు అడక్కముందే తెస్తాడు,
అడగని ఫైలు మీద మోచెయ్యి ఆనించి నిలబడతాడు.

"ఆటోనగర్‌లో నడుముల్లోతు నీళ్ళు నిలిచిన రోజు
జీవకోనకి ట్యాంకర్లు అరవై రెండు ట్రిప్పులా?"
"వాననీళ్ళు తాగతారా సార్?"
పేరా రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను.
ఏది సరైనదో ఇప్పటికీ తెలీదు.

గంగజాతరకి ఈ ఊళ్ళో
రోజుకో వేషం కడతారు:
బైరాగి, బండ, తోటి, దొర.
డబ్బూ అంతేనని పదకొండో రోజు అర్థమైంది.
కాలవ పూడిక తియ్యడానికొచ్చిన రూపాయి
తోటి వేషం విప్పేసి
డీజిల్ పద్దులో బైరాగిలా తిరుగుతోంది.

ఆ మధ్యాహ్నమే వచ్చింది వేశాలమ్మ.
కొర్లగుంట, రాత్రి షిఫ్టు చీపురు.
పదకొండు నెలల జీతం చీటీలు
ప్లాస్టిక్ కవర్లో, కవరు రొంటిన.
"నెలనెలా పట్టుకోనే ఉండారు సామీ, కట్టనే లేదంట.
మా పీఎఫ్ యాడికి పోయిండాదో నువ్వన్నా చూడు."

చూశాను.
పాలెగాడి వెనక గంగమ్మ తిరిగినట్టు
ఫైలు వెనక ఫైలు.
ఆమె డబ్బు కరెంటు బిల్లయింది,
కల్యాణి డ్యాం నీళ్ళు ఊళ్ళోకి తోడే మోటార్లది.
ఆ బిల్లుకని రావాల్సిన గ్రాంటుని
ఊరు చేరకముందే పాత బాకీ కింద
పైనే పట్టుకున్నారు.
పైన అంటే
నాకు జీతమిచ్చే చోట.

ఆస్తిపన్ను బకాయిల జాబితా తెమ్మన్నాను.
తెచ్చాడు ఏకాంబరం. ఈసారి మోచెయ్యి లేదు.
మొదటి పేజీ అంతా సర్కారు ఆఫీసులే.
ఇరవై మూడో వరసలో
మా ఆడిట్ జిల్లా కార్యాలయం,
ఆరేళ్ళది, వడ్డీ కాక.
"నోటీసు ఏటా పంపతానే ఉండాం సార్.
మీవాళ్ళు ముద్ర కొట్టి తీసుకుంటానే ఉండారు."
నవ్వలేదతను. నవ్వుంటే బాగుండేది.

ఫారంలో చివరి గడి: బాధ్యుడు.
వేలెడంత ఉంటుంది.
ఏకాంబరం పడతాడందులో,
రిటైర్మెంటు డబ్బు ఆగిపోయేంత సరిగ్గా.
రాష్ట్రం పట్టదు,
ఎంత చిన్న అక్షరాల్లో రాసినా.

దొర వేషంలో వచ్చి తల నరికిన అమ్మ
మర్నాడు మాతంగి వేషం కట్టి
చచ్చినవాడి పెళ్ళాన్ని ఓదారుస్తుందంటారు.
మా మాన్యువల్‌లో
ఆ రెండో రోజు లేదు.

నలభై రెండు పేరాలు పచ్చ సిరాతో.
నలభై మూడోది, మా బాకీలు,
పెన్సిల్‌తో రాశాను,
పై ఆఫీసులో రబ్బరుంటుందని తెలిసే.

వెళ్ళే ముందు వేశాలమ్మ చీటీల మీద
తనిఖీ చేసినట్టు టిక్కులు పెట్టిచ్చాను.
వెలుతురుకి ఎత్తి లెక్కపెట్టుకుంది,
పదకొండూ ఉన్నాయి.
"పచ్చగా పడిందంటే
ఇంక వచ్చేస్తాది కదా సామీ?"

రేణిగుంటలో రైలు తొమ్మిదిన్నరకి.
టైముంది ఇంకా.
కిటికీ తెరిచాను.