అరిగిన మ

పేజీకి రెండు రూపాయలు.
చిత్తూరు కలెక్టరేటు వెనక గదిలో
మిషను చదివినదాన్ని మళ్ళీ చదవడం నా పని.

డి.కె.టి. పట్టాల జాబితాలు, ఎప్పటివో అచ్చు కాగితాలు.
ముందే ఎవరో స్కాన్ చేసి సీడీల్లో దాచారు.
దాచారు, అంతే.
ఫోటోలో అక్షరం కంటికి ఆనుతుంది,
పేరు పెట్టి పిలిస్తే పలకదు.
పద్నాలుగు వేల పేజీల మూగ జనం.

ఇప్పుడు మిషను వాళ్ళకి చెవులు కుడుతోంది,
తొందరపాటు కంసాలిలా.
పురుగు తొలిచిన బొక్కని సున్నా అంటుంది,
పాలసముద్రాన్ని వాలసముద్రం చేస్తుంది.
టీ మరకని ఒకసారి ఠ అని చదివింది.
నవ్వుకుని దిద్దాను.

గుడిపాల నుంచి చెంగల్రాయుడు ప్రతి సోమవారం వస్తాడు,
చుట్ట చుట్టిన అర్జీకి రబ్బరు బ్యాండు వేసుకుని.
"కాగితాన్ని చెదలు తినేసినాయి మేడం.
మాయమ్మ పేరు మీకాడ యాడో ఉండాది.
ఎకరా పన్నెండు సెంట్లు.
పట్టా ఇచ్చిన దినం నేను ఆయమ్మ సంకలో ఉన్నానంట."
మొగిలమ్మ, అని కొడతాను.
సున్నా ఫలితాలు.
పదకొండు సోమవారాలు.
ఆయన తెర వైపు చూడడు, నా వేళ్ళని చూస్తాడు.

నిన్న కరెంటు పోయి వచ్చాక
నాలుగు వేల ఆరో పేజీలో
'యొగిలమ్మ, గుడిపాల.'
ఏ ఊళ్ళో పెడతారు ఈ పేరు?
స్కాన్ పెద్దది చేసి చూశాను.
సీసం అచ్చులో ఒంపు అరిగి
మ కాస్తా య అయి కూర్చుంది.
అరవై ఏళ్ళుగా అక్కడే ఉంది ఆమె,
తనది కాని అక్షరం వెనక.

బ్యాక్‌స్పేస్. మ.

సోమవారం దాకా ఆగలేక ఫోన్ చేశాను.
అవతల చాలాసేపు చెరుకు గానుగ చప్పుడే.
తర్వాత, "ఇంగోసారి చదవండి మేడం,
బూమి వొద్దు, పేరొకటే."
చదివాను.

సాయంత్రం ఊరికే మా జేజి పేరు కొట్టాను.
మునిగంగమ్మ, తవణంపల్లె.
సున్నా.
మ బదులు య పెట్టాను. గ బదులు శ పెట్టాను.
సున్నా.
ఆమెకి అసలు ఇవ్వనే లేదో,
ఇచ్చిన చోట ఏ అరిగిన అచ్చు కింద ఇరుక్కుందో.

ఇంకా పదివేలకి ఆరు పేజీలు తక్కువ.
కంప్యూటర్ ఆపలేదు.