ఇరవై మూడు లీటర్లు

మొదటి బకెట్టు
తడిసిన అట్టముక్క రుచి వచ్చింది.
మా తమ్ముడు మర్యాదకి సగం గ్లాసు తాగి
మిగతాది కుండీలో మొక్కకి పోశాడు.
మొక్క కూడా మర్యాదస్తురాలే, వారం దాకా చావలేదు.

రెండోది తాగేదాకా రాలేదు.
జూలై చలిలో, అర్ధరాత్రి దాటాక,
బట్టలుతికే గదిలో సీసాలు ఒకటొకటే పేలాయి.
గోడ అవతల మర్డో హాగర్ట్ దీపం వెలిగింది.
తెల్లారేసరికి చీపురుతో వచ్చి
గాజుపెంకులు ఊడుస్తూ ఒక్కటే మాట అడిగాడు:
"తొందరా?"

బ్లఫ్ రేవులో ఆల్చిప్పలు విప్పే పని నాది.
కీలు దగ్గర కత్తి దూర్చి ఒక్క తిప్పు,
ఇంకోటి, ఇంకోటి.
తొందరే నా కూడు. అదే చెప్పాను.
ఆయన డబ్బాతో వచ్చిన కాగితం తీసుకుని
కళ్లజోడు లేక చేతికందినంత దూరం పట్టుకుని చదివాడు:
ఏడు రోజులు. కిలో చక్కెర. మూత కింద ఈస్ట్ పొట్లం.
నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్లకాలు కింద దూర్చి
"ఇప్పుడు పనికొచ్చింది" అన్నాడు.

చక్కెర మానిపించాడు. బదులుగా మాల్ట్ పొడి,
ఆవిరి తగిలితే చాలు బంకైపోయేది,
నా స్వెటర్ చేతులకి ఇంకా అంటుకునే ఉంది.
కుళాయి నీళ్లు రాత్రంతా మూత తీసి ఉంచమన్నాడు,
క్లోరిన్ దాని దారిన అది పోతుందట.
గొట్టాలు, చెంచా, నా చేతులు,
కడిగినవే మళ్లీ కడిగించాడు.
"శుభ్రం వేరు, శుభ్రంగా కనబడటం వేరు."
నలభై ఏళ్లు ఓడ ఇంజన్లు చూసిన మనిషి,
ఆ మాట కోపంగానే అంటాడు.

చోటు దొరకడమే కష్టమైంది.
గరాజులో పెడితే ఈస్ట్ ముడుచుకుని పడుకుంటుంది.
వేడినీళ్ల ట్యాంకున్న అల్మరాలో ఉడుకెత్తి
గోళ్ల రంగు వాసన కొడుతుంది.
చివరికి అల్మరాలోనే, తలుపు మూడు వేళ్ల సందు వదిలి,
తడి తువ్వాలు చుట్టి పెట్టాం.
దుప్పట్లన్నీ సోఫా మీదికి వలస.
పద్దెనిమిది డిగ్రీలు. రాత్రుళ్లు లేచి
బకెట్టు పొట్ట మీద చెయ్యేసి జ్వరం చూసేదాన్ని.

గుడగుడ. ఆగి, గుడ.
మర్డో కుర్చీ వేసుకుని
బుడగకీ బుడగకీ మధ్య లెక్కపెట్టేవాడు.
పదో రోజు చప్పుడు ఆగింది.
నేను సీసాలు తీశాను.
ఆయన లేచి అల్మరాకి అడ్డంగా నిలబడ్డాడు:
"విందు అయిపోయింది. ఇప్పుడు అవి గిన్నెలు తోముకుంటున్నాయి. తోముకోనీ."

ఇంకో పది రోజులు. సీసాల్లో మరో నాలుగు వారాలు.
ఈలోగా ఆల్చిప్పల కాలం ముగిసింది,
నా చేతుల కోతలు మానాయి.

సెప్టెంబరులో మొదటి సీసా.
ముందు ఆయనకే పోశాను.
వెలుతురుకి ఎత్తి రంగు చూశాడు,
చెవి దగ్గర పెట్టుకుని నురగ విన్నాడు,
తాగాడు. ఉలకలేదు, పలకలేదు.
"ఎలా ఉంది?"
"నువ్వు చెప్పాలి. గొంతుకి రేడియేషన్ ఇచ్చారు కదా,
మూడేళ్లుగా నాకు అన్నీ గోరువెచ్చని నీళ్లే."

ఇన్నాళ్లూ చెవితో, అరచేత్తో నేర్పాడన్నమాట.

"బాగుంది" అన్నాను.
"బాగుందనకు. అది డబ్బా మీదా రాసి ఉంటుంది."

నీళ్లు నమిలాను. తర్వాత బీరు నమిలాను.
రొట్టె. కాదు, రొట్టె మాడిన అంచు.
వెనకే ఎండుగడ్డి, వానకి ముందుది.
గొంతు చివర ఒక చేదు,
నారింజ తొక్కని గోటితో గిల్లినట్టు,
ఉండదు, పోతుంది, పోయాక కావాలనిపిస్తుంది.
కొంచెం, చాలా కొంచెం,
అట్టముక్క ఇంకా ఉంది.

జేబులోంచి నోటుబుక్కు తీసి
అట్టముక్కతో సహా అన్నీ రాసుకున్నాడు,
పక్కన తేదీ.
తర్వాత గ్లాసెత్తి, కళ్లు మూసుకుని,
రాసుకున్నవి ఒక్కొక్కటే తాగాడు.

నారింజ దగ్గర ఆగాడు.
"అది మళ్లీ చెప్పు" అన్నాడు.