ఎన్నో తొమ్మిది?

ఎనిమిదడుగుల బల్ల మీద
జల్లెడ పట్టిన ఇసుకతో ఒక లోయ చేశాను.
నీలం రిబ్బను నది.
అగ్గిపెట్టె వంతెన.
ప్లటూన్లకి గొర్రె చీలమండ ఎముకలు,
మా దగ్గర పిల్లలు ఆడుకునేవే,
సగానికి ఎర్రరంగు పూశాం.

ప్రశ్న చిన్నది.
వంతెన శత్రువు చేతిలో ఉంది.
నీ దగ్గర ముప్పై మంది, రెండు ట్రక్కులు.
ఆరు నిమిషాల్లో చెప్పు, ఏం చేస్తావు?
నా చేతిలో ఏడు గడుల కాగితం,
గడికి ఐదు మార్కులు.

సోద్నోమ్ మూడు నిమిషాల్లో ముగించాడు.
కొందరు ఎదురుగా కాల్పులతో కట్టిపడేస్తారు,
మిగతావాళ్లు ఎడమ కొండ చుట్టి వెనకనుంచి.
పుస్తకం గొంతు. తప్పు పట్టడానికి లేదు.
ముప్పై మూడు వేశాను.

గంజోరిగ్ ఎముకని ఠపీమని కొట్టాడు,
సగం ప్లటూన్ ఇసుకలో కూరుకుపోయింది.
ధైర్యం గడిలో ఐదు పడింది.
కూరుకుపోయినవాళ్లని ఏ గడిలో రాయాలో తెలీక
ఇసుక ఊదేశాను.

తర్వాత దుల్మా.
గోవి-అల్తాయ్‌లో మందలు తోలిన పిల్ల.
ఎముకల జోలికి పోలేదు.
రిబ్బను మీద వేలు పెట్టి అడిగింది:
"ఇది ఎన్నో తొమ్మిది, సార్?"

మా చలికాలానికి తొమ్మిది తొమ్మిదులు.
మూడోదానిలో మూడేళ్ల ఎద్దు కొమ్ము గడ్డకడుతుంది.
ఏడోదానిలో కొండల నెత్తి నల్లబడుతుంది.

"మూడోదైతే వంతెనతో నాకేం పని?
నదంతా వంతెనే.
ఏడోదైతే మనిషిని మోస్తుంది, ట్రక్కుని మోయదు.
పైకి తెల్లగానే ఉంటుంది,
లోపల్నుంచి నీళ్లు కొరుక్కు తింటుంటాయి.
ఎన్నోది, సార్?"

కాగితం తిరగేసి చూశాను.
పదకొండేళ్లుగా అడుగుతున్న ప్రశ్న,
దానికి ఒక్కసారీ చలి వెయ్యలేదు.

"ఏదో ఒకటి నువ్వే అనుకో" అన్నాను.
"నేననుకుంటే గడ్డకడుతుందా?"

గంట మోగింది.
మోగాక, ఒక తెల్ల ఎముక తీసి
ఒడ్డున నిలబెట్టింది మెల్లగా.
"వీణ్ణి ముందు పంపుతాను.
కర్రతో తట్టి, చప్పుడు విని వస్తాడు."

నిర్ణయ వేగం: ఒకటి.
స్పష్టత: రెండు.
ఆజ్ఞల క్రమం: సున్నా.
అడగడానికి గడి లేదు.
కాగితం అంచు మీదికి పెన్సిలు వెళ్లి
కాసేపు నిలబడి వెనక్కొచ్చింది.
మొత్తం కూడితే తొమ్మిది.
తప్పింది.

ఆ రాత్రి స్టవ్ పక్కన కూర్చుని
ప్రశ్నని దిద్దాను.
'ఏడో తొమ్మిది, మూడో రోజు' అని
నల్లసిరాతో చేర్చాను.
బాగుపడిందనుకున్నాను.

ఈ ఏడు నలభై ఒక్కమంది కూర్చున్నారు.
అందరూ ట్రక్కుల్ని ఒడ్డునే ఆపారు.
అందరికీ మంచి మార్కులు.
ఒక్కరూ రిబ్బను మీద వేలు పెట్టలేదు.
నేనే వాళ్ల వేళ్లు తీసేశాను, సిరాతో.

దుల్మా ఇప్పుడు సరఫరా విభాగంలో ఉంది,
పడమటి సరిహద్దు దారిలో ట్రక్కులు నడిపిస్తోంది.
ఆలస్యంగా వస్తాయని ఆమె మీద ఫిర్యాదులు,
నా బల్ల మీదే నాలుగున్నాయి.
రాలేదని మాత్రం
ఒక్కటీ లేదు.