ఎనిమిది నూర్ల గుడారం

శుక్రవారం పొద్దుగూకే యాళకు
బెంగళూరు కార్లు దిగుతాయి గండికోటలో.
దిగీ దిగంగానే అడిగేది ఒకటే:
"ఏముందన్నా ఇక్కడ చూడ్డానికి?"

నేను వేళ్ళు మడిచి చెప్తా.
జుమ్మా మసీదు, ధాన్యాల కొట్టు,
దేవుడు లేని మాధవరాయల గుడి, పావురాల గోపురం.
ఆఖరికి, ఎర్రబండ అంచున నిలబడితే
కింద పెన్నమ్మ ఒళ్ళు విరుచుకోవడం.
అంచుకు పోవద్దు సారూ అంటా.
అంచుకే పోతారు.

టెంటు రాత్రికి ఎనిమిది నూర్లు.
దుప్పటి వేరే, దిండు వేరే.
అర్ధరాత్రి గాలికి మేకులు ఊడితే మాత్రం
నేను ఉచితం.

వంట మాయమ్మ ఫకీరమ్మది.
రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి.
అరవై ముద్దలు గెలికిన రాత్రి
ఆమె కుడి రెక్క ఎవరిదో మాదిరి వేలాడుతుంది.
తెల్లారి అందరూ సూర్యుడి కోసం ఫోన్లెత్తి నిలబడితే
ఆమె లోయకు వీపు పెట్టి
ఉగ్గానికి బొరుగులు నానేస్తుంటుంది.
పదకొండేండ్లు.
ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలే.
నేనూ చూడమనలే. అదీ చెప్పుకోవాల.

పోయిన కార్తీకంలో ఒక మంగళవారం
తుపానొస్తాదని ఎవురూ రాలే.
తుపానూ రాలే.
పదహారు టెంట్లు గాలి మింగి ఉబ్బినాయి.
"అమ్మా, అంచు దాపున ఉండేదాంట్లో పండుకో పో."
"నాకేం కర్మరా, ఇల్లు లేనిదాన్నా?"
అన్నదే గాని, చెప్పులు బయట విడిచి
దర్గాలోకి పోయినట్టు వంగి లోపలికి పోయింది.
జిప్పు వేయను రాక కొంగు అడ్డం పెట్టుకునింది.

కోడి కుయ్యకముందే లేపినా.
ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు లోయలోంచి ఆవిరి.
అవతలి బండ ముందు బూడిద, తరవాత ఇటుక,
తరవాత పేరు లేని రంగొకటి, రెండు నిమిషాలే.
అమ్మ చాలాసేపు చూసింది.
కండ్ల మీద చెయ్యి తీసి అడిగింది:
"దీనికేనా ఎనిమిది నూర్లు?"
నేను నవ్వినా. ఆమె నవ్వలే.
"ఈ నీళ్ళు యాడ నుంచి వస్తాండాయి?"
డ్యాం నుంచి మా.
"అంటే మా ఊరి మీద నుంచే."

ఆ పూట పొయ్యి ముట్టించలే.

బండి వెనక కూర్చోబెట్టుకొని డ్యాం కాడికి పోయినా.
బోటింగు. మనిషికి నూటయాభై.
పలక మీద రాసింది చదివి వినిపించినా.
"పుట్టినింటికి పోను టికెట్టా?" అనింది గానీ
కొంగుముడి విప్పి తనే లెక్కపెట్టింది.
నన్ను ఇయ్యనీలే.
నారింజ రంగు జాకెట్టు తొడిగి క్లిప్పులు పెట్టి
"గట్టిగా పట్టుకో పెద్దమ్మా" అన్నాడు బోటు సుంకన్న.
మాతో పాటు ఎక్కిన హైదరాబాదు పిల్ల
నీళ్ళలో చెయ్యి ముంచి
"ఎంత లోతుంటుంది?" అనడిగింది.
సుంకన్న తెలీదన్నాడు.
అమ్మ చెప్పింది:
"చింతమాను, దాని మీద ఇంకో చింతమాను."

మోటారు చప్పుడులో వేలు చూపిస్తా పోయింది.
ఇది కల్లం. ఇది రేషనంగడి.
ఇది ఇమాంబీ వాళ్ళ దొడ్డి, కుక్క ఉంటుంది.
నీళ్ళన్నీ ఒకే తీరు నాకు.
గుట్టల్ని బట్టి గురుతు పట్టిందో ఏమో,
మూడో గుట్ట మొన ముక్కుకు సూటిగా రాంగానే
లేచి నిలబడింది. బోటు ఊగింది.
"కూచో పెద్దమ్మా, కూచో!"
ఆమె సుంకన్న భుజం మీద చెయ్యేసి
ఊరికి కొత్తగా వచ్చినోనికి దోవ చెప్పినట్టు
మెల్లగా చెప్పింది:
"అబ్బీ, కొంచెం పక్కకు పోనీ.
ఇది మా నాయన పండుకునే తావు."

సుంకన్న నన్ను చూసినాడు.
మోటారు తగ్గించి
ఉత్త నీళ్ళ మీద వంపు తిరిగినాడు.

తిరిగొచ్చేటప్పుడూ
ఎవరూ చెప్పకుండానే
అదే వంపు.